కారును మాత్రం కదలనివ్వకు

ఏలూరు

చి.ల.సౌ. వసుంధరకు మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

రోడ్డు మీద నిలిపిన లారీని గుద్దుకున్నప్పుడు నీ కారులో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదని నువ్వు కారు కంపెనీ మీద వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయబోతున్నావని, అదీ వకీలును పెట్టుకోకుండా నువ్వే వాదించుకుంటానన్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. సంతోషించాను, రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. దవడకు తీగలు కట్టించుకుని జావ తాగుతున్న పిల్ల అంత పెద్ద కంపెనీతో తగువుకు దిగుతోందంటే నాకు గర్వంగానే ఉంది. కానీ ముప్పై ఒక్క ఏళ్లు మోటారు వాహనాల తనిఖీ అధికారిగా, జనం నోట బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా, పోలీసు స్టేషన్ల ఆవరణల్లో నుజ్జయిన బండ్ల చుట్టూ తిరిగినవాణ్ణి కనుక, నీ ఫిర్యాదు కంటే నీ కారు గురించే నా బెంగ.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. కారుకు నువ్వు చెల్లించినది 50 లక్షలు దాటలేదు కనుక జిల్లా కమిషన్ చాలు, నువ్వు ఉండే హైదరాబాదులోనే వేయవచ్చు, గడువు 2 ఏళ్లు. దీపాలు లేకుండా రోడ్డు మీద నిలిపిన ఆ లారీ యజమాని మీద, దాని బీమా కంపెనీ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేసే దరఖాస్తు వేరు; దానికి చట్టంలో పెట్టిన గడువు 6 నెలలే కాబట్టి అది ముందు వెయ్యి. ఒకే ఆసుపత్రి బిల్లును రెండు చోట్లా అడగకు.

2020 జూలై నుంచి అమలవుతున్న కొత్త వినియోగదారుల చట్టంలో, లోపమున్న వస్తువు వల్ల గాయపడితే తయారీదారు పరిహారం ఇవ్వాలన్న అధ్యాయం ఒకటి ప్రత్యేకంగా ఉంది. ఆ ఎయిర్‌బ్యాగు తాము చేసినది కాదని, ఎవరో సరఫరా చేశారని అంటే బెదరకు. ఇతరులు చేసిన భాగాలను కూర్చి వస్తువును తయారుచేసేవారు కూడా ఆ చట్టం లెక్కలో తయారీదారులే. 1916లోనే న్యూయార్కులో, బ్యూక్ కారు చెక్క చక్రం విరిగి ఒకాయన గాయపడితే, చక్రం వేరేవాళ్ల దగ్గర కొన్నామన్న కంపెనీ సాకును కార్డోజో అనే న్యాయమూర్తి ఒప్పుకోలేదు. అయితే కొన్న తరువాత బండిలో మార్పులు చేసి ఉంటే కంపెనీ దానిమీదే పట్టుకుంటుంది. ముందు బంపరుకు ఇనుప గార్డు బిగిద్దామని మీ నాన్న సరదాపడినప్పుడు నేను వద్దని తగువుపడ్డాను, గుర్తుందా? నెల రోజులు నాతో మాట్లాడలేదు మీ నాన్న.

నువ్వు ధైర్యం తెచ్చుకున్న తీర్పును నేనూ చదివాను. 2017 నవంబరులో ఢిల్లీ–పానిపట్టు రహదారిపై హ్యుందాయ్ క్రెటా కారుకు ప్రమాదం జరిగి ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోతే, వేగాన్నీ బలాన్నీ లెక్కకట్టే భౌతికశాస్త్రం కొనుగోలుదారుకు తెలిసి ఉండాలనడం కుదరదని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పి, వైద్యానికీ ఆదాయనష్టానికీ 2 లక్షలు, మనోవేదనకు 50 వేలు, ఖర్చులకు 50 వేలు, కారు మార్పిడి అన్న కింది కమిషన్ ఉత్తర్వును నిలబెట్టింది. మంచి తీర్పే. కానీ నిపుణుడి నివేదిక లేక వీగిపోయిన ఫిర్యాదులూ ఉన్నాయి, ఆ నివేదిక రాయడానికి బండి ఉండాలి. ఇది నాకు ఎలా తెలుసో మీ అమ్మకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

1994 వేసవిలో ఒక జీపు చింతచెట్టును ఢీకొని ఇద్దరు పోయారు. కొని ఏడాది కూడా కాని జీపు. నేను స్టేషనుకు వెళ్లేసరికి సాయంత్రం అయిదయింది, ఆ రోజు మీ అమ్మకు పెళ్లిచూపులు, ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి. బ్రేకు తొక్కి చూశాను, పట్టింది. స్టీరింగు నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ విరిగి వేలాడుతూ కనిపించింది, చెట్టుకు కొట్టుకున్నప్పుడే విరిగి ఉంటుందనుకున్నాను. మోకాళ్ల మీద వంగి ఆ విరిగిన చోటు చూడాలంటే ప్యాంటుకు మన్నంటుతుంది. అందుకని అచ్చు ఫారంలో అలవాటైన వాక్యమే రాసి సంతకం పెట్టాను: ప్రమాదం యాంత్రిక లోపం వలన జరిగినది కాదు.

డ్రైవరు మొదటి నుంచీ ఒకే మాట అన్నాడట: “స్టీరింగు తిరగలేదండీ.” కొన్ని నెలల తరువాత, ఆ జీపును విప్పిన పాత ఇనుము కొట్టులోని మెకానిక్కు మాటల సందర్భంలో, ఆ కడ్డీ విరిగిన చోట సగం తుప్పు పట్టి నల్లగా, సగం కొత్త వెండిలా మెరుస్తూ ఉందని చెప్పాడు. అంటే ఆ చీలిక పాతది, లోలోపల పెరుగుతూ వచ్చి ఆ రోజు తెగింది. నేను కొట్టుకు పరుగెత్తాను. కడ్డీ అప్పటికే తూకానికి వెళ్లిపోయింది. కోర్టులో సాక్ష్యానికి పిలిస్తే, చూపించడానికి వస్తువు లేదని నాకు నేనే సర్దిచెప్పుకుని, నా నివేదికనే చదివి దిగివచ్చాను. ఆ డ్రైవరుకు శిక్ష పడింది. మీ అమ్మానాన్నల పెళ్లిరోజు వచ్చినప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ మనిషే.

కాబట్టి బుద్ధిగా విను. బీమా సర్వేయరు కారు పనికిరాదని తేల్చి, తుక్కు తామే తీసుకుంటామంటూ కాగితం పంపితే సంతకం పెట్టకు. షెడ్డు అద్దె నేను కడతాను, మారు మాట్లాడకు. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగులను నడిపే చిన్న పెట్టె, గుద్దుకునే ముందు క్షణాల వేగాన్ని, బెల్టు పెట్టుకున్నదీ లేనిదీ నమోదు చేసి ఉంచుతుంది. పరీక్ష చేస్తామని షోరూమువాళ్లు దాన్ని విప్పబోతే ఒప్పుకోకు. ప్రయోగశాల పరీక్షకు ఆదేశించమని ఫిర్యాదుతోపాటే కమిషన్‌ను అడుగు. స్టేషను నుంచి ఇన్‌స్పెక్టరు నివేదిక నకలు తెచ్చుకుని చదువు. అందులో నేను రాసిన ఆ వాక్యమే కనిపిస్తే కోపం తెచ్చుకోకుండా, ఎయిర్‌బ్యాగుల గురించి ఏమైనా పరిశీలించారా అని రాతపూర్వకంగా అడుగు. ఒంటరిగా మాత్రం వెళ్లకు, రాత్రిపూట అసలే వద్దు.

దవడ నొప్పి ఉంటే ఫోనులో మాట్లాడకు తల్లీ, రెండు ముక్కలు రాసి పంపు చాలు. ఆదివారం పొద్దున రైలుకు వస్తున్నాను. భూతద్దం, టార్చిలైటు నా సంచిలో ఉన్నాయి. షెడ్డు తాళంచెవి, కింద పరుచుకోవడానికి ఒక పాత దుప్పటి నువ్వు తీసిపెట్టు.

మీ మామయ్య