మెట్ల కింద బాత్రూమ్‌లో పరదా కట్టబోతున్న బిడ్డకు

చిరంజీవి బిడ్డకు పెద్దనాయిన ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేశాడు. హన్మకొండలో మీరు కొత్తగా దిగిన ఇంట్లో బాత్రూమ్ పరదా నువ్వే కడుతున్నావని, ఎవరినో అడిగి డ్రిల్ మిషన్ కూడా తెచ్చుకున్నావని చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల డ్రిల్ మిషన్ పట్టడం ఇదే మొదటిసారి. నలభై ఏళ్లు పైపులు బిగించిన నాకు ఆ మాట వింటే ఎంత సంతోషమైందో చెప్పలేను. కానీ నువ్వు పంపిన ఫోటో చూశాక నిద్ర పట్టలేదు. మెట్ల కింద బాత్రూమ్, తల మీద వాలు స్లాబు. నువ్వు కొన్న స్ప్రింగు రాడ్ ఒక చివర గోడకు, ఇంకో చివర ఆ వాలుకు ఆనిస్తావట. వాలు దగ్గర ఏటవాలు చెక్క ముక్క ఒకటి అంటిస్తావట. అది చేయొద్దు బిడ్డా. ఫోన్లో చెబితే "సరే పెద్దనాయినా" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే ఇంకోసారి చదువుతావని రాస్తున్నాను.

గోడకు రంధ్రాలు చేసే ముందు ఇల్లు గలాయనను అడుగు. టేపుతో కొలిచి కాగితం మీద రాసుకో, నోటి లెక్క వద్దు. పరదా కిటికీలకు కట్టే గుడ్డది కాకుండా బాత్రూముల కోసం అమ్మేదే కొను. రింగులు ప్లాస్టిక్‌వి చాలు.

ఇప్పుడు ఆ స్ప్రింగు రాడ్ సంగతి. దానికి స్క్రూలుండవు. లోపలి స్ప్రింగు రెండు వైపులా నెడుతుంది, చివర్లలో రబ్బరు బిళ్లలు గోడను పట్టుకుంటాయి. గోడలు రెండూ ఎదురెదురుగా నిటారుగా ఉంటే అది నిలుస్తుంది, అదీ తేలికపాటి పరదాకు మాత్రమే. ఒక వైపు వాలు ఉంటే ఆ నెట్టుడే రాడ్ చివరను వాలు వెంట కిందికి జారుస్తుంది. ఎంత గట్టిగా బిగిస్తే అంత తొందరగా జారుతుంది. మరి చెక్క ముక్క అంటిస్తే నిలుస్తుంది కదా అంటావు. నిలుస్తుంది. కొన్నాళ్లు బాగానే నిలుస్తుంది. నా భయమంతా ఆ కొన్నాళ్ల గురించే.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. నిన్న మీ బాపు ఫోన్ చేసింది నీ గొప్ప చెప్పడానికి ఒక్కటే కాదు. చివర్లో గొంతు తగ్గించి, "అన్నా, ఆ చెక్క ముక్క మాట నేను చెప్పలేను, నువ్వే చెప్పు" అన్నాడు.

మట్టెవాడలో మన పాత పెంకుటింట్లో స్నానాల గది లేదు. పెరట్లో గోలెం, దాని పక్కన ఒక బండ, అడ్డంగా తాడు మీద పాత చీర. మా అవ్వ, అంటే మీ నాయనమ్మ, చీకటితోనే లేచి అక్కడ స్నానం చేసేది. తెల్లారితే ఇరుగుపొరుగు డాబాల మీదికి మనుషులు వస్తారని ఆమె భయం. జ్వరం వచ్చినా, చలి కొరికినా అదే వేళ. ఆ ఇల్లు పడగొట్టి స్లాబు ఇల్లు కట్టినప్పుడు స్థలం చాలక మెట్ల కింద బాత్రూమ్ పెట్టించాం. ఇరుకుదే. లోపలి మూలకు పోతే తల తగిలేది. కానీ లోపల గడియ ఉంది. మొదటి వారం ఆమె మధ్యాహ్నం రెండింటికి కూడా స్నానం చేసింది, ఎప్పుడంటే అప్పుడు చేయొచ్చు కదా అని.

అప్పుడు నేను గోదావరిఖనిలో క్వార్టర్ల పైపు పనుల మీద ఉన్నాను. మీ బాపు కొత్తగా ఉద్యోగంలో చేరాడు. స్నానం నీళ్లు కమోడ్ మీదంతా పడుతున్నాయని అవ్వ అంటే, హైదరాబాద్ నుంచి స్ప్రింగు రాడ్, నీలం పూల పరదా తెచ్చాడు. వాలు దగ్గర రాడ్ ఆగకపోయేసరికి ఏటవాలుగా చెక్క కోసి జిగురుతో స్లాబుకు అంటించి, దానికి రాడ్ ఆనించాడు. పని నీట్‌గా చేశాడు. అవ్వ వాడకట్టంతా పిలిచి చూపించిందట. చలికాలమంతా అది కదల్లేదు. కదలకపోవడమే కొంపముంచింది. కదిలి ఉంటే ఎవరూ దాన్ని నమ్మేవాళ్లు కాదు.

అవ్వకు పీట మీద కూర్చుని స్నానం చేయడం అలవాటు. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక లేచేటప్పుడు ఏదో ఒకటి పట్టుకునేది. చేతికందేది ఆ రాడే. ముందు పరదా అంచు పట్టుకుంది, తర్వాత రాడ్ పట్టుకుంది. రోజూ పట్టుకుంది, రోజూ అది ఆగింది. రోజూ వేడినీళ్ల ఆవిరి ఆ జిగురును తింటూనే ఉంది. ఒకరోజు చెక్కతో సహా ఊడింది. ఆమె చేతిలో రాడ్ ఉండగానే వెనక్కి పడింది. లోపల గడియ పెట్టి ఉంది. తలుపు పగలగొట్టి తీసేసరికి చాలాసేపు పట్టింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని నడిచింది. ఆ తర్వాత ఇంకెన్నడూ డాబా మీదికి ఎక్కలేదు. వడియాలు పెట్టడానికి మెట్ల కింద నిలబడి మాకు చెప్పేది, ఎండ ఏ మూల ఉందో చూసి పెట్టమని. మీ బాపును మాత్రం ఒక్క మాట అనలేదు. "కొడుకు తెచ్చిన పరదాది ఏం తప్పురా, నా కాలే జారింది" అని చూడటానికి వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఆ మాటే మీ బాపును ఎక్కువ కోసింది. ఆ తర్వాత వాడు ఇంట్లో గోడకు ఒక్క మేకు కొట్టలేదు. చిన్నప్పుడు నువ్వు బొమ్మ తగిలించమంటే మేస్త్రీ వస్తాడులే అని విసుక్కునేవాడని నా దగ్గర అలిగావు, గుర్తుందా? అది విసుగు కాదు బిడ్డా.

అందుకే ఒకటి గట్టిగా పెట్టుకో. పరదా రాడ్‌ను ఎవరో ఒకరు పట్టుకుంటారు. జారేవాళ్లు ఏది పట్టుకోవాలో ఆలోచించరు. మీ అత్తమ్మకు కూడా మోకాళ్లు బాగాలేవు. నువ్వు ఈ పని మొదలుపెట్టింది కూడా ఆమె తడిలో జారకూడదనే అని నాకు తెలుసు.

ఇక ఎట్లా చేయాలో చెబుతాను. నీ ఫోటోలో తలుపు వైపు ఎత్తు, కమోడ్ వైపు పల్లం. నువ్వు పరదాను వాలు వెంబడి కట్టాలనుకున్నావు. దాన్ని అడ్డంగా తిప్పు. పక్క గోడ నుంచి ఎదుటి పక్క గోడకు రాడ్ వేస్తే రెండు చివరలూ నిటారు గోడల మీదే ఉంటాయి, ఒకే ఎత్తులో ఉంటాయి. వాలుతో పనే లేదు. షవర్ తలుపు వైపు ఉంది కాబట్టి కమోడ్ పరదాకు అవతల పొడిగా ఉంటుంది. మెట్టు ఆరున్నర అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు అనుకుంటే, ఒక్క అడుగు లోపలికి జరిగేసరికి స్లాబు దాదాపు 8 అంగుళాలు దిగుతుంది. కాబట్టి రాడ్‌ను ఎంత బయటికి పెడితే అంత ఎత్తు దొరుకుతుంది. స్లాబుకు 3, 4 అంగుళాలు కిందుగా పెట్టు, రింగులు రాసుకోవు.

అడ్డంగా కుదరనే కుదరదంటే ఇంకో దారి ఉంది. రాడ్‌ను మట్టంగా ఉంచి, వాలు వైపు చివరను, స్లాబుకు స్క్రూలతో బిళ్ల బిగించి దించిన చిన్న పైపు ముక్కకు వేలాడదీయాలి. వాలు వెంట పట్టా బిగించి దానికి పరదా తగిలించొద్దు. రింగులన్నీ పల్లానికి జారిపోయి కుప్పపడతాయి, పై మూల తెరుచుకుని ఉంటుంది.

రాడ్ అంగుళం లావు స్టీలుది, 304 రకం తీసుకో. 202 చవక, కానీ బాత్రూమ్ తడికి తొందరగా తుప్పు పడుతుంది. పరదా వెడల్పు కట్టే జాగాకు ఒకటిన్నర రెట్లు ఉంటే మడతలు నిలుస్తాయి. పొడవు ఎక్కువైతే కింది నుంచి కత్తిరించు, పైన కన్నాలున్న వైపు ముట్టుకోకు. నేలకు 2 అంగుళాలు పైకే ఉండాలి, కింద ఆనితే పాచి పడుతుంది. వేడినీళ్లు పోసుకునేటప్పుడు పరదా లోపలికి వచ్చి కాళ్లకు అంటుకుంటుంది. అంచులో బరువులు కుట్టినది అయితే ఆ బాధ తక్కువ. అయస్కాంతాలున్నది కొనకు, అవి ఇనుప టబ్బులకు అంటుకుంటాయి కానీ నీ టైల్స్ గోడకు అంటుకోవు. స్నానమయ్యాక పరదాను మూలకు తోయకుండా పరిచి వదిలెయ్, ఆరుతుంది.

డ్రిల్ పట్టే ముందు కరెంటు బోర్డులో గీజర్ స్విచ్చు, అదే ఎంసీబీ, దించు. మిషన్‌కు కరెంటు హాల్లోంచి తీసుకో. మిక్సర్ కుళాయి నుంచి షవర్‌కు, గీజర్‌కు పైపులు మామూలుగా గోడలో నిటారుగా పైకి పోతాయి, ఆ గీతకు రెండు వైపులా జానెడు జాగా వదులు. టైల్ మీద టేపు అంటించి గుర్తు పెట్టు, టైల్ దాటేదాకా మిషన్‌లో గుద్దే మీట, అదే హ్యామర్, ఆపి ఉంచు, లేకపోతే టైల్ పగులుతుంది. ముందు 6 ఎంఎం బిట్టు, తర్వాత 8. రంధ్రంలో సిలికాన్ జిగురు పెట్టి, స్క్రూ పట్టే ప్లాస్టిక్ ప్లగ్గు దిగ్గొట్టు, నీళ్లు గోడలోకి పోవు. స్లాబులో రంధ్రం చేయాల్సి వస్తే అంగుళంన్నర కంటే లోతు పోవద్దు. బిట్టు దిగకుండా కీచుమంటే అది ఇనుప చువ్వ, అక్కడ ఆపి అంగుళం పక్కకు జరుపు. కళ్లకు అద్దాలు పెట్టుకో. తడి నేల మీద ప్లాస్టిక్ స్టూలు ఎక్కావంటే నేను ఊరుకోను.

ఇదంతా అయ్యాక కాదు, ఇదంతా కాకముందే ఇంకో పని చెయ్. మీ అత్తమ్మ పీట వేసుకునే చోట గోడకు పట్టుకుని లేవడానికి స్టీలు కమ్మీ బిగించు. నేల నుంచి మూడడుగుల లోపు, ఆమె కూర్చుని చెయ్యి చాపితే అందేంత ఎత్తులో. గాలి పీల్చి అంటుకునే రకం వద్దు, అది కూడా స్ప్రింగు రాడ్ లాంటిదే. పొడవు స్క్రూలు, ఇటుకలోకి దిగే ప్లగ్గులు వాడు. బిగించాక నీ బరువంతా వేసి లాగి చూడు, తర్వాత అల్లుడిని లాగమను. పరదా ఒక నెల ఆలస్యమైనా ఏం కాదు, ఇది మాత్రం ఈ వారమే కావాలి. ఆ బాత్రూమ్ తలుపుకు లోపలి గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టించమని ఇల్లు గలాయనను అడుగు. ఆయన ఒప్పుకోకపోతే ఖర్చు నేను పెడతానని చెప్పు.

ఆదివారం పొద్దుగాల బస్సుకు వస్తున్నాను. పొడవు బిట్టు, ప్లగ్గులు, మట్టం నేను తెస్తాను. డ్రిల్ నువ్వే పట్టాలి, స్టూలు నేను పట్టుకుంటాను. మీ బాపును కూడా రమ్మన్నాను. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. వాడు వస్తే ఆ స్క్రూడ్రైవర్ వాడి చేతికివ్వు, ఏమీ అడగకు. అప్పటిదాకా ఆ స్ప్రింగు రాడ్ కవరు చింపకు, బిల్లుతో తీసుకుపోతే షాపులో మార్చి ఇస్తారు.

నీ పెద్దనాయిన