డిటెక్టివుకు అడ్వాన్సు కట్టే ముందు

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది పర్లాకిమిడి. మా అన్నయ్య ఏసీ మెకానిక్కుగా సౌదీ వెళ్లాడు. నాలుగు నెలలుగా ఫోను లేదు, డబ్బూ రాలేదు. పంపిన ఏజెంటుది పాతపట్నం. అడిగితే నాకేం తెలుసు అంటున్నాడు. ఒక ప్రైవేటు డిటెక్టివ్ లక్షన్నర అడ్వాన్సు కడితే నెలలో ఆచూకీ చెబుతానంటున్నాడు. అమ్మ తన గాజులు తాకట్టు పెడదామంటోంది. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు చెల్లెమ్మా. గాజులు అమ్మ చేతికే ఉండనివ్వండి.

గల్ఫ్‌లో కబురు ఆగిపోయిన మనిషి చాలాసార్లు జైల్లోనో, దేశం నుంచి పంపేయడానికి ఉంచే తర్హీల్‌లోనో, ఆసుపత్రిలోనో ఉంటాడు. లేదంటే కఫీలు, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమాని దగ్గర పడలేక వెళ్లిపోయి, ఎక్కడో చాటుగా పనిచేసుకుంటూ ఉంటాడు. మార్చురీ మాట రాయడానికి నాకు చేయి రావడం లేదు గానీ, వెతికేటప్పుడు దాన్ని కూడా వదలకూడదు. జైలు తలుపు డిటెక్టివుకు తెరవరు. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం, పట్టుబడిన విదేశీయుడు కోరితే అతని దేశపు రాయబార కార్యాలయానికి కబురు చేయాలి. వెళ్లి కలిసే హక్కు కాన్సులర్ అధికారికి ఉంది. మీ అన్నయ్య భయపడి కోరకపోయి ఉంటే కబురు రాకపోవచ్చు. అందుకే ఇటు నుంచి మనమే అడగాలి.

‘అతని ఫోను కాల్ డేటా తెప్పిస్తాను’ అని ఆ డిటెక్టివ్ అంటే అక్కడే నమస్కారం పెట్టేయండి. అది చట్టబద్ధంగా అతని చేతికి రాదు. 2018లో ఠాణే పోలీసులు కాల్ రికార్డులు కొని అమ్మిన కేసులో ప్రైవేటు డిటెక్టివులనే అరెస్టు చేశారు. మన దేశంలో వీళ్లకు ప్రత్యేక లైసెన్సు చట్టం లేదు. 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. కాబట్టి గోడకు తగిలించిన సర్టిఫికెట్టు చూసి మోసపోకండి. సింగపూర్‌లాంటి చోట పోలీసుల లైసెన్సు లేనిదే ఈ పని చేయకూడదు.

ఇక మీ అసలు చిక్కు సరిహద్దు. ఏజెంటు ఆంధ్రావాడు, అక్కడికి పొమ్మని మీ స్టేషన్లో అంటారు. పాతపట్నం వెళితే మీరు ఒడిశావాళ్లు కదా అంటారు. మహేంద్రతనయ ఏటికి అటూ ఇటూ తిరిగి చెప్పులు అరిగినవాళ్లు మన వైపు చాలామందే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే పోలీసులు కేసు నడపాల్సిన పద్ధతి చెప్పే చట్టంలో 173వ సెక్షన్ చూపించండి. కేసు పెట్టదగిన నేరం ఎక్కడ జరిగినా సమాచారం ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. లైసెన్సు లేకుండా మనుషులను విదేశీ పనికి పంపడం 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నేరం. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. అన్నయ్య కనబడటం లేదన్న ఫిర్యాదు వేరే కాగితంగా మీ స్టేషన్లోనే ఇవ్వండి. అవసరమైతే సీబీఐ ద్వారా ఇంటర్‌పోల్ యెల్లో నోటీసు (తప్పిపోయినవాళ్ల కోసం దేశదేశాల పోలీసులకు పంపేది) అడగడానికి దారి పోలీసులదే. ఏ డిటెక్టివూ దాన్ని తేలేడు.

అదే రోజు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు రాసుకోండి. జెద్దా వైపు ఉంటే అక్కడి కాన్సులేటుకు, రియాద్, దమ్మామ్ వైపైతే రియాద్ రాయబార కార్యాలయానికి కూడా పంపండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం మారకుండా రాయాలి. మన తెలుగిళ్లలో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా కాగితాల్లో చివరికి పోతుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. తప్పు పేరుతో వెతికితే పక్క గదిలో ఉన్నా దొరకడు. పాస్‌పోర్టు నంబరు, ఇఖామా (సౌదీలో ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) నంబరు, కఫీలు పేరు, ఒంటి మీది పుట్టుమచ్చలు రాయండి. చివరిగా డబ్బు వచ్చిన రసీదు జతచేయండి. ఏ బ్రాంచి నుంచి పంపాడో తెలిస్తే ఏ ఊళ్లో ఉన్నాడో తెలిసినట్టే.

ఒక జాగ్రత్త. కఫీలుకు మీరు గానీ, డిటెక్టివ్ గానీ తొందరపడి ఫోను చేయకండి. అన్నయ్య పారిపోయాడని కఫీలు అక్కడి సర్కారుకు ఫిర్యాదు (దాన్నే హురూబ్ అంటారు) పెట్టి ఉంటే, మీ ఫోనుతో మరింత బిగుస్తాడు. ముందు రూములో ఉన్నవాళ్లను, ఆ ఊరి తెలుగు సంఘాలవాళ్లను అడగండి. జైళ్లు, ఆసుపత్రులు తిరిగి పైసా తీసుకోకుండా కబురు చెప్పేవాళ్లున్నారు.

డిటెక్టివు పనికిరాడని నేననను. చిరునామా తెలిసినా మనిషి దొరకనప్పుడు వీధిలో నాలుగు ఇళ్లు విచారించగల మనిషి కావాలి. ఆ దశ వస్తే అక్కడి చట్టం ఒప్పుకునే మనిషినే పెట్టుకోండి, పని రాతలో పెట్టించి వాయిదాల్లో ఇవ్వండి. వయసొచ్చిన మనిషి తనంతట తానే మాట్లాడనని దాక్కుంటే, మంచి డిటెక్టివు చిరునామా ఇవ్వడు, మీ కబురు మాత్రం అందిస్తాడు. అది కూడా ఒక జవాబే.

కొత్తగా బయలుదేరుతున్న తమ్ముళ్లకు కూడా ఒక మాట. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒక సంచిలో ఉంచి వెళ్లండి. రూము మారినా, కఫీలు మారినా ఆ రోజే ఇంటికి వాట్సాప్ చేయండి. విజిట్ వీసా మీద పనికి మాత్రం వెళ్లకండి. ఈ-మైగ్రేట్‌లో మీ యజమాని పేరే ఉండదు, రేపు మీ చెల్లెలు ఎవరి పేరు చెప్పి వెతకాలి?