రివ్యూయర్లకు జవాబు రాయబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నీ మెయిల్, దానితో పంపిన రివ్యూ రిపోర్టులు, అంటే తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ మీద నువ్వు రాసిన పేపర్‌కి వచ్చినవి, రెండూ చదివాను. మేజర్ రివిజన్ వచ్చిందని రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మేజర్ రివిజన్ అంటే పెద్ద మార్పులు చేసి మళ్ళీ పంపమనడం, రిజెక్షన్ కాదమ్మా. వద్దనుకుంటే ఎడిటర్ రివ్యూయర్ల దాకా పంపకుండానే తిప్పి పంపేసేవారు. మంచి జర్నళ్ళకు వచ్చే పేపర్లలో చాలావాటికి అదే గతి. నీ పేపర్‌ని మాత్రం ఆ సబ్జెక్టు తెలిసినవాళ్ళు ఇద్దరు, పైసా తీసుకోకుండా, పట్టికల్లో అంకెలతో సహా సరిచూసి నాలుగు పేజీలు రాశారు. నీ ల్యాబ్ బయట ఇంత శ్రద్ధగా నీ పనిని చదివినవాళ్ళు ఇంతవరకు లేరు.

దీన్ని వదిలేసి వేరే జర్నల్‌కి పంపనా అని నువ్వు చివర్లో అడిగినదానికి ముందు జవాబు చెప్తాను. నీ స్నేహితురాలు చెప్పిన ఆ జర్నల్, వారంలో యాక్సెప్టెన్స్ ఇచ్చి నాలుగు వేలు కట్టమనేది, దాని జోలికి పోకు. వాళ్ళ మెయిల్లో 'యూజీసీ కేర్ లిస్టెడ్' అని పెద్ద అక్షరాలతో ఉంది. నమ్మదగిన జర్నళ్ళంటూ యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) నడిపిన ఆ లిస్టును 2025 ఫిబ్రవరిలోనే ఎత్తేసింది. అసలు థీసిస్ ఇచ్చేముందు పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను కూడా 2022 పిహెచ్‌డి రెగ్యులేషన్లలో తీసేశారు. అయినా మీ యూనివర్సిటీ సొంతంగా అడుగుతుందేమో, ఆఫీసులో కనుక్కో. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్ళు నడిపిన ఒక సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. సరైన రివ్యూ లేకుండానే ఉందని చెప్పారని, ఫీజు సంగతి ముందు చెప్పలేదని, పేపర్ వెనక్కి తీసుకుంటామన్నా ఒప్పుకోలేదని ఆరోపణలు. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. ఆ చివరి ఆరోపణ గుర్తుపెట్టుకో. ఒకసారి అలాంటిచోట చిక్కితే నీ డేటాని ఇంకో మంచి జర్నల్ తీసుకోదు.

ఫీజు అడిగిన ప్రతిదీ దొంగ జర్నల్ కాదు. ఓపెన్ యాక్సెస్‌లో, అంటే ఎవరైనా ఉచితంగా చదవగలిగే పద్ధతిలో, పేరున్న జర్నళ్ళు కూడా తీసుకుంటాయి, అయితే మామూలుగా పేపర్ అంగీకరించాకే, ఎంత అన్నది ముందే వెబ్‌సైట్లో రాసిపెట్టి. అనుమానం వస్తే ఎడిటోరియల్ బోర్డులో ఇద్దరి పేర్లు తీసుకుని, వాళ్ళ యూనివర్సిటీ పేజీల్లో ఈ జర్నల్ ప్రస్తావన ఉందేమో చూడు. పరిశోధన జర్నళ్ళ సూచిక అయిన స్కోపస్‌లో ఉందని వాళ్ళు చెప్పింది నమ్మకుండా స్కోపస్ సోర్స్ లిస్టులో నువ్వే వెతుకు. అసలు జర్నల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు కూడా నడుస్తున్నాయి కాబట్టి లింకు కూడా అక్కడి నుంచే పట్టుకో. అన్నిటికంటే మేలైన పరీక్ష, ఆ జర్నల్ కొత్త సంచికలో మూడు పేపర్లు పూర్తిగా చదవడం. పది నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది.

మన దేశపు జర్నల్ అంటే చిన్నచూపు వద్దు. కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో అక్కడి ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి 1937లో రాసిన పేపర్ వచ్చింది ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లోనే. ఇవాళ్టికీ దాన్ని సైట్ చేస్తున్నారు, అంటే తమ పేపర్లలో ఆధారంగా చూపిస్తున్నారు, నువ్వూ చేశావు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జర్నళ్ళు రచయితల దగ్గర ఫీజు తీసుకోవు. ఇక్కడ కుదరకపోతే తర్వాత వాటిలో చూద్దాం. ఒకేసారి రెండుచోట్లకు మాత్రం పంపకూడదు.

ఇక అసలు పని. జవాబు పత్రంలో రివ్యూయర్ రాసిన ప్రతి కామెంట్‌నీ ఉన్నదున్నట్టు పెట్టి, కింద నీ జవాబు, పేపర్లో ఏ లైన్ మార్చావో ఆ నంబరు రాయాలి. ఒక్కటీ వదిలేయకు. రెండో రివ్యూయర్ మూడో కామెంట్ చూడు. శాంపిళ్ళన్నీ మే నెలవే అయినప్పుడు ఏడాది పొడవునా ఈ నీళ్ళు తాగడానికి పనికిరావని ఎలా అన్నారు అని అడిగారు. నువ్వు 'సమయం లేక తీయలేదు' అని రాశావు. ఆయన నీ సమయం గురించి అడగలేదమ్మా, నీ వాక్యం గురించి అడిగారు. ఇలా రాయి: 'మీరన్నది నిజం. మా శాంపిళ్ళు వేసవివి మాత్రమే. శీర్షికలో ఆ మాట చేర్చాం. ముగింపులో ఏడాది పొడవునా అన్నది తీసేశాం. ఈ పరిమితిని 312వ లైన్లో స్పష్టంగా చెప్పాం.' పేపర్ కాస్త చిన్నదైనా, మిగిలిన ప్రతి మాటా నిలబడుతుంది.

మొదటి రివ్యూయర్ అయాన్ బ్యాలెన్స్ అడిగారు. కాటయాన్ల (ధనావేశ అయాన్ల) మొత్తం, ఆనయాన్ల (ఋణావేశ అయాన్ల) మొత్తం మధ్య తేడా ±5 శాతం లోపు ఉందా అని ప్రతి శాంపిల్‌కీ లెక్కకట్టి పట్టికగా పెట్టు. దాటినవాటిని మళ్ళీ టెస్ట్ చెయ్, లేదా ఎందుకు తీసేశావో రాయి. నచ్చినవి ఉంచుకుని మిగతావి చప్పుడు చేయకుండా వదిలేయడం మాత్రం ఎప్పటికీ చేయకు.

ఫ్లోరైడ్ ఎరువుల వల్ల వచ్చిందేమో అని ఆ రివ్యూయర్ అన్నదానితో నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. నీ నీళ్ళలో కాల్షియం తక్కువ, సోడియం, బైకార్బనేట్ ఎక్కువ. గ్రానైట్ నేలల్లో రాతి నుంచి ఫ్లోరైడ్ కరిగేచోట కనిపించే తీరు అది. ఆ గ్రాఫ్ పెట్టి మర్యాదగా కాదని చెప్పు. తన పేపర్లే ఐదు సైట్ చేయమన్నారు కదా, పనికొచ్చేవి చేర్చు, మిగతావి ఎందుకు చేర్చలేదో ఎడిటర్‌కి విడిగా రాయి.

కోపంగా ఉన్నప్పుడు మాత్రం జవాబు రాయకు. 1936లో ఐన్‌స్టీన్, రోజెన్‌తో కలిసి గురుత్వ తరంగాలు లేవని వాదిస్తూ ఫిజికల్ రివ్యూకి పేపర్ పంపారు. ఎడిటర్ దాన్ని వేరొకరికి చూపించారని కోపమొచ్చి వెనక్కి తీసేసుకున్నారు. చూసింది రాబర్ట్‌సన్ అనే భౌతిక శాస్త్రవేత్త, తప్పు ఉందన్న ఆయన మాటే నిజం. ఐన్‌స్టీన్ తర్వాత ముగింపు మార్చి 1937లో వేరే జర్నల్‌లో వేశారు. గురుత్వ తరంగాలను 2015లో నేరుగా గుర్తించారు కూడా.

గడువు చాలదనిపిస్తే ఇప్పుడే ఎడిటర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టు. ముందుగా అడిగితే సాధారణంగా కాదనరు. టెన్షన్ పడుతూ రాత్రికి రాత్రి అప్‌లోడ్ చేయకు. జవాబు పత్రం పట్టికలతో సహా నాకూ పంపు, కానీ మీ గైడ్‌గారు చూశాక. ఆయన కంటే ముందు నేను చూడటం బాగుండదు.

మామయ్య