సున్నపురాయి ఏ వేడికి విడిపోతుంది?

ప్రశ్న: సున్నపురాయి, అంటే కాల్షియం కార్బనేట్, సున్నంగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోవడానికి ఎంథాల్పీ మార్పు (పీల్చుకునే వేడి) 178.3, ఎంట్రోపీ మార్పు (కణాల చెల్లాచెదురుతనంలో పెరుగుదల) 160.5 అని ఇచ్చారు. విడిపోయే ఉష్ణోగ్రత కోసం మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.1 కెల్విన్, అంటే దాదాపు మైనస్ 272 డిగ్రీల సెల్సియస్ వస్తోంది. అలాగైతే సున్నపురాయి ఫ్రిజ్‌లో పెట్టినా విడిపోవాలి కదా! మరి పిడుగురాళ్ల బట్టీల్లో అంత మంట దేనికి?
– ఇంటర్ విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: చిక్కంతా యూనిట్లలోనే ఉంది. మొదటి అంకె కిలోజౌళ్లలో, రెండోది కెల్విన్‌కు జౌళ్లలో ఇస్తారు. 1,78,300ని 160.5తో భాగించండి: 1,111 కెల్విన్, అంటే దాదాపు 838 డిగ్రీల సెల్సియస్. పరీక్షల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

ఎంట్రోపీ మార్పును కెల్విన్ ఉష్ణోగ్రతతో గుణించి ఎంథాల్పీ మార్పులోంచి తీసేస్తే వచ్చేది గిబ్స్ శక్తి మార్పు; అది సున్నా కంటే తక్కువైతేనే చర్య తనంతట తాను జరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర అది +130 కిలోజౌళ్లు. అంటే అక్కడ చర్య తనంతట తాను జరగదు. రాయి నుంచి వాయువు బయటికొస్తుంది కాబట్టి ఎంట్రోపీ పెరుగుతుంది. ఆ పెరుగుదలను ఉష్ణోగ్రతతో గుణిస్తాం గనుక, వేడి పెరిగేకొద్దీ అది ఎంథాల్పీని మించిపోతుంది.

అయితే 838ని పట్టుకుని బట్టీ నడపలేం. ఆ రెండు విలువలూ 25 డిగ్రీలవి; వేడితో అవీ కొంత మారతాయి. కార్బన్ డయాక్సైడ్ పీడనం ఒక అట్మాస్ఫియర్ ఉన్నచోట నిజంగా కావలసింది 900 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. 800 దగ్గర సమతాస్థితి పీడనం (కార్బన్ డయాక్సైడ్ పీడనం ఎంతకు చేరితే విడిపోవడం ఆగుతుందో అది) సుమారు 0.2 అట్మాస్ఫియరే. గాలి ఆడుతూ ఆ వాయువును ఊడ్చుకుపోతే అక్కడా విడిపోతుంది. లోపలే నిలిచిపోతే ఆగిపోతుంది. బట్టీలో రాళ్ల మధ్య సందులు మూసుకుపోకూడదనేది ఇందుకే. పెద్ద రాయి నడిమి భాగం కాలకుండా మిగలడానికి కారణం, వేడి లోపలికి, వాయువు బయటికి రెండూ ఆలస్యంగా చేరడం. అలాగని మంట మరీ పెంచితే సున్నం రేణువులు అతుక్కుని రంధ్రాలు పూడుకుపోతాయి. అలాంటి సున్నం నీళ్లు పోసినా సరిగా విరగదు. గోడకెక్కాక ఎప్పుడో ఉబ్బి పెచ్చులు లేపుతుంది. బాగా కాలితే 100 కిలోల శుద్ధమైన రాయికి 56 కిలోల సున్నం దిగుతుంది, మిగతా 44 గాల్లో కలుస్తుంది.

ప్రశ్న: చర్య తనంతట తాను జరిగేదంటే త్వరగా జరిగేదనేనా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదు. గోడకు వేసిన తడిసున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ కార్బనేట్ కావడం మామూలు వేడిలో తనంతట తాను జరిగేదే. కానీ మందపాటి పూతలో ఆ మార్పు పైపొర నుంచి లోపలికి నెలల తరబడి సాగుతుంది. అందుకు తేమ కూడా కావాలి. మండుటెండలో పొడిగోడకు వెల్ల వేస్తే అది గట్టిపడేలోపే నీళ్లు ఆరిపోయి, చేత్తో రుద్దితే పొడి రాలుతుంది. ముందు గోడ తడిపి, పలచగా రెండు మూడు పూతలు వేయండి.