గోడ మీది లిస్టు సరే, ఫొటోలు చూశారా?

ప్రశ్న: మాది అమలాపురం. మా అమ్మాయి బీఎస్సీ రెండో ఏడాది. కొత్త సంవత్సరం లక్ష్యాలంటూ గోడకి కాగితం అంటించింది. రోజుకో ఫొటో చొప్పున ఏడాదికి 365, ఇన్‌స్టాలో పది వేల మంది ఫాలోవర్లు, ఈఎంఐ మీద లక్షన్నర కెమెరా, ఏడాది తిరిగేసరికి పెళ్లి ఫొటోలకి సొంత పేజీ. డిగ్రీ మానేసి ఫొటోగ్రఫీ కోర్సులో చేరతానంటోంది. ఆడపిల్లకి ఇదేం పని అని బంధువులు దెప్పుతున్నారు. డిగ్రీ మేలో, కోర్సు మేలో పోల్చి చెప్పండి. ఈ లక్ష్యాలు సరైనవేనా? – ఒక తండ్రి

జవాబు: డిసెంబరు ఆఖరి వారం వచ్చిందంటే ఇలాంటి ఉత్తరాలు నాకు మామూలే. ఊరు మారుతుంది, కెమెరా ధర మారుతుంది, బెంగ మాత్రం అదే. పోల్చి చెప్పమన్నారు గానీ మీ మనసులో ఉన్నది వేరు. ఒప్పుకుంటే పిల్ల బతుకు ఏమైపోతుందో, కాదంటే నాతో మాట మానేస్తుందేమో అని. ముందు ఆ గుబులు తగ్గించుకోండి. ఏం చేద్దామనుకుంటోందో నలుగురికీ కనపడేలా గోడకి పెట్టింది. అంటే మీతో మాట్లాడాలనే ఉంది. చెప్పకుండా ఫీజు కట్టేసి వచ్చిన పిల్లల తండ్రులను చూస్తుంటాను, వాళ్ల కష్టం వేరు.

ఒక మాట కటువుగా అంటాను, ఏమనుకోకండి. ఉత్తరంలో కెమెరా ధర రాశారు, బంధువుల మాటలు రాశారు. మీ అమ్మాయి తీసిన ఫొటో ఒక్కదాని గురించి ఒక్క ముక్క లేదు. ఏం తీస్తుంది? మనుషులనా, గోదావరినా, పెళ్లిళ్లనా? మార్కులు తగ్గితే ప్రోగ్రెస్ కార్డు చేతిలో పట్టుకుని ప్రశ్నలేసే మనం, ఫొటోల దగ్గరికొచ్చేసరికి చూడకుండానే తీర్పు చెప్పేస్తాం. బంధువులంటారా, వాళ్లింట్లో పెళ్లికి ఫొటోగ్రాఫర్ దొరక్కపోతే మొదట ఫోన్ చేసేది మీకే.

ఇక ఆ లిస్టు. రోజుకో ఫొటో అన్నది ప్రపంచమంతా ఉన్న అలవాటే, మంచిదే. చెయ్యి తిరుగుతుంది. నా అనుమానమల్లా ఫిబ్రవరి గురించి. సంక్రాంతి వెళ్లి, ఇంటర్నల్స్ వచ్చి, రాత్రి పదకొండున్నరకి ఇవాళ్టి ఫొటో తీయలేదని గుర్తొస్తుంది. టేబుల్ మీదున్న టీ గ్లాసును తీసి పడుకుంటుంది. మార్చికి గిల్టు మొదలవుతుంది, ఏప్రిల్‌కి కాగితం చిరిగిపోతుంది. ఫాలోవర్ల లక్ష్యమైతే ఇంకా ఘోరం. అది పిల్ల చేతిలో లేదు, పిల్ల పనితనంలోనూ లేదు. పది వేలు దాటాక వచ్చే మొదటి ఫోన్ ఎలా ఉంటుందో తెలుసా? 'మా షాపు ఫొటోలు తీసిపెట్టండి, మీ పేజీకి పేరొస్తుంది' అని. డబ్బుల ఊసుండదు. ఇప్పుడైతే ఆ షాపువాళ్లు చీర ఫొటో కూడా ఏఐతో చేయించుకుంటున్నారు. మనిషి అక్కడ నిలబడితే తప్ప దొరకని ఫొటోకే ఇక ముందు విలువ.

అలాంటి ఫొటోలకి మీ కోనసీమలో కరువా? కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, ఊరూరి నుంచీ వెదుళ్లతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభలు అక్కడికి చేరతాయి. గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక కాలువ నీళ్లలో దిగి భుజాల మీద వస్తుంటే గట్టు మీద ఫోన్లన్నీ ఒక్కసారే లేస్తాయి. పైన డ్రోన్లు సరేసరి (పిల్ల లిస్టులో డ్రోన్ లేదు, సంతోషం). ఆ ఫొటో చూసినవాళ్లందరి దగ్గరా ఉంటుంది. అంతకు ముందు రోజుల్లో వెదుళ్లు వంచి, తాళ్లు బిగించి, రంగుల బట్ట కట్టే చేతుల ఫొటో ఎంతమంది దగ్గరుంది? వెళ్లి అడిగి తీయమనండి.

ఏడాది పొడవునా చేయాల్సింది మాత్రం ఒక్కటే పెట్టుకోమంటాను. బండారులంకలో ఒక నేత ఇల్లు. నెలకోసారి, అదే ఇల్లు, అదే మగ్గం. కిటికీలోంచి వెలుతురు వచ్చి పడుగు (మగ్గం మీద నిలువుగా పరిచిన దారాలు) మీద వాలే వేళ కనిపెట్టడానికే రెండు మూడు నెలలు పడుతుంది. అడ్డదారాన్ని మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడె, షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో పదిహేనో వంతు పెడితే గీతలా సాగుతుంది, ఐదొందలో వంతు పెడితే గాల్లో నిలిచిపోతుంది. మబ్బు పట్టిన రోజు ఐదొందలు పెట్టిందా, ఫొటో నల్లబడుతుంది. ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి, పెంచితే గింజలు గింజలుగా వస్తుంది. అప్పుడేం చేయాలన్నది ఏ రీల్లోనూ అబ్బదు. ఇందుకు ఫోన్ కెమెరాలో ఇవన్నీ మనమే మార్చుకునే ప్రో మోడ్ చాలు. వెళ్లినప్పుడల్లా కిందటి నెల ఫొటోలు ప్రింటు వేయించి ఆ ఇంటివాళ్లకి ఇవ్వాలి. ఏడాది చివరికి ఇరవై ఫొటోలు, ఒక్కోదాని కింద తెలుగులో రెండు వాక్యాలు. పేజీ చూపించి పని అడగడానికీ, ఇది పట్టుకెళ్లి అడగడానికీ చాలా తేడా ఉంది.

పెళ్లి ఫొటోల గురించి. దీంట్లో డబ్బు ఉంది, కాదనను. కానీ ఆషాఢం, మూఢం వచ్చాయంటే నెలల తరబడి కెమెరా బ్యాగులోనే. ఆల్బమ్ చేతికిచ్చాక మిగతా డబ్బు వసూలు చేసుకోవడం వేరే విద్య. జీలకర్ర బెల్లం వేళ అడ్డుతెర తీసే క్షణం రెండోసారి రాదు, పంతులుగారిని ఆగమనలేం. అందుకే సొంత పేజీ ఈ ఏడాది వద్దు. మీ ఊళ్లోనే నమ్మకస్తుడైన ఫొటోగ్రాఫర్ దగ్గర ఒక సీజన్ లైటు పట్టుకోమనండి. ఇంటికొచ్చి పడుకునే ముందు కార్డులోని ఫొటోలు రెండు చోట్ల కాపీ చేసే అలవాటు అక్కడే వస్తుంది. అర్ధరాత్రి ముహూర్తాలంటే మీకు భయం, అది న్యాయమైన భయమే. టీమ్‌తో వెళ్లి టీమ్‌తో రావాలి, బండి ఎవరిదో ముందే తేలాలి. ఆ ఏర్పాటు మీరు దగ్గరుండి చూడండి. పెళ్లికూతురి గదిలో, శ్రీమంతంలో, పసిపిల్లల ఫొటోలకి అమ్మాయి వస్తేనే బాగుంటుందనుకునే ఇళ్లు ఎన్నో. మీరు ఇబ్బంది అనుకున్నదే ఆమెకి పని తెచ్చిపెట్టొచ్చు.

డిగ్రీనా, కోర్సా అన్నారు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది, నాలుగేళ్లు. అంటే చదివిన రెండేళ్లు వదులుకుని మళ్లీ మొదటి ఏడాది. పైగా ఆంధ్ర పిల్లలకి అక్కడ స్థానికత చిక్కు ఉంది, ఆ ఏడాది నోటిఫికేషన్ చదవకుండా టీసీ తీసుకోవద్దు. డిగ్రీ పూర్తయితే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో సినిమాటోగ్రఫీ పీజీకి దారి ఉంటుంది, అక్కడ ఏ డిగ్రీ అయినా సరే. మీ అమ్మాయికి డిగ్రీ పూర్తి చేయడమే మేలు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కూడా రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్ ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేస్తూనే కెమెరా పట్టినవాడు. సికింద్రాబాద్ స్టూడియో తర్వాతి సంగతి.

అమ్మా, ఈ మాట నీకు. కెమెరా ఈఎంఐకి నాన్నచేత సంతకం పెట్టించకు. బండారులంక ఫొటోలు ఆరు నెలలు తీశాక, ఫోన్‌తో ఏది కుదరట్లేదో నీకే తెలుస్తుంది. అది కాగితం మీద రాసి చూపించు. అప్పుడు సెకండ్‌హ్యాండ్ కెమెరా బాడీ, ఒక 50 ఎంఎం లెన్సు అడుగు. కొనే ముందు షట్టర్ కౌంట్, అంటే దాంతో ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో చూసుకో, లెన్సు లోపల ఫంగస్ ఉందేమో టార్చి వేసి చూడు, బిల్లు లేకపోతే వదిలేసి వచ్చెయ్.