బెంచీల మధ్య నడక

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే నెల నుంచి రెండు వందల మంది ఎనిమిదో తరగతి పిల్లలకు నువ్వు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పబోతున్నావట. వేళ్ళు మడుచుకుంటూ నా ఒళ్ళో కూర్చుని కూడికలు చేసిన పిల్లవి, టీచరమ్మవయ్యావంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. నువ్వన్నావని మీ అమ్మ చెప్పిన మాట ఒకటి గుచ్చుకుంది. "వీడియోలన్నీ నెట్‌లోనే ఉన్నాయి కదమ్మా, నేను పక్కనుండి దారి చూపిస్తే చాలు" అన్నావట. ఆ 'చాలు' కోసమే ఈ ఉత్తరం.

టీచరు వేదిక దిగి పిల్లల పక్కకి రావాలన్న మాటను 1993లో ఆలిసన్ కింగ్ అనే విద్యా పరిశోధకురాలు రాసిన వ్యాసం బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. అందరూ దాంట్లో సగమే పట్టుకున్నారు. వేదిక దిగడం తేలిక. పిల్లలు ఒకరినొకరు ఏ ప్రశ్నలు వేసుకోవాలో, ఆ ప్రశ్నలు ఎలా మొదలవ్వాలో కూడా ఆవిడ ముందే ఆలోచించి వాళ్ళ చేతికి ఇచ్చేది. పక్కన ఉండటమంటే చేతులు కట్టుకుని ఉండటం కాదు తల్లీ, అది వేదిక మీది పని కన్నా పెద్ద పని.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తాను. వెలుతురు కన్నా మైకు ముఖ్యం. ఒక వీడియోలో ఒకే విషయం చెప్పు. నెట్ సరిగా రాని పిల్లల కోసం ప్రతి పాఠం పీడీఎఫ్ కూడా పెట్టు. మిగతావి నాకన్నా నీకే బాగా తెలుసు.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

నేను ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టిన రెండో ఏడు. ఒకవైపే ఎక్స్ ఉండే సమీకరణాలు అయిపోయాయి, రెండువైపులా ఎక్స్ ఉండేవి మొదలయ్యాయి. ఆ పాఠం మూడో వీడియో. నాలుగుసార్లు తీసి, ఎక్కడా తడబాటు లేకుండా వచ్చిందని మురిసిపోయాను. ఆ రాత్రే ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది, "టీచర్, మూడో వీడియో అర్థం కాలేదు" అని. నేనేం చేశానో తెలుసా? ఆ వీడియో లింకే మళ్ళీ పంపి, "ఇంకోసారి శ్రద్ధగా చూడమ్మా" అని రాశాను. "సరే టీచర్" అంది. ఆ తర్వాత ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

స్క్రీన్ మీద మాత్రం అంతా బాగానే కనిపించింది. ఆ అమ్మాయి పేరు పక్కన అన్ని పాఠాలూ పూర్తయినట్టు పచ్చ గుర్తులు. మూడో వీడియో పదకొండుసార్లు చూసినట్టు లెక్క. పదకొండుసార్లంటే ఎంత శ్రద్ధో అనుకున్నాను చిట్టీ! ఆ అంకె చూసి సంతోషించాను. క్విజ్‌లో నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడమే కదా, కొన్ని ఒప్పయ్యేవి, కొన్ని తప్పయ్యేవి. మూడు వారాలకి ఆ అమ్మాయి రావడం మానేసింది. మానేసిందని నాకు తెలియడానికి ఇంకో వారం పట్టింది.

అప్పుడు ఫోన్ చేశాను. "నీ నోట్సు ఫొటో తీసి పంపమ్మా" అన్నాను. పంపింది. చూసి కుర్చీలో కూలబడ్డాను. ప్రతి పేజీలోనూ అదే వరస, 3 + 4 = 7 × 2 = 14. ఆ పిల్లకి సమానం గుర్తంటే 'ఇక జవాబు వస్తుంది' అని అర్థం. రెండు పక్కలూ ఒకే విలువ అని కాదు. 2ఎక్స్ + 3 = 11 వరకూ ఆ అర్థంతోనే నెట్టుకురావచ్చు, కుడివైపు 11 జవాబులాగే కనిపిస్తుంది కనుక. 2ఎక్స్ + 3 = ఎక్స్ + 7 అనేసరికి కుడివైపు జవాబే లేదు. పాపం, అక్కడ ఆగిపోయింది. నా వీడియో పదకొండుసార్లూ ఆ మాటలే ఆ గొంతుతోనే చెప్పింది. ఎదురుగా ఉన్న పిల్ల మొహం చూసి మాట మార్చుకోవడం వీడియోకి చేతకాదు. చేతనైన నేను లింకు పంపి ఊరుకున్నాను.

త్రాసు బొమ్మ గీసి చెప్తే పావుగంటలో అర్థమైంది. "పదకొండుసార్లు చూసినా రాలేదంటే ఇక నాకు లెక్కలు రావనుకున్నాను టీచర్" అంది. ఆ మాట ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది. ఆ ఏడు ఆ అమ్మాయి మళ్ళీ క్లాసుకి రాలేదు.

మామూలు తరగతి గదిలో అయితే బెంచీల మధ్య నడుస్తూ మొదటి రోజే ఆ నోట్సు చూసి ఉండేదాన్ని. నెట్‌లో ఆ నడక పోయింది. పోయిందని కూడా తెలియకపోవడం నా తప్పు. నువ్వు ఆ నడకని మళ్ళీ కట్టుకోవాలి. వారానికి ఒక్కసారైనా ప్రతి పిల్లచేతా, చేత్తో చేసిన లెక్క ఒకటి ఫొటో తీయించి తెప్పించు. జవాబు కాదు, దారి చూడు. రెండు వందలూ చూడలేవు, రోజుకి నలభై చూడు. మొదటి రోజు అందరినీ 8 + 4 = __ + 5 అడుగు. ఖాళీలో 7 బదులు ఎంతమంది 12 రాస్తారో చూస్తే, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో నీకే తెలుస్తుంది.

లైవ్ క్లాసులో ప్రశ్న వేశాక ఆగు. ఇది నీకు కష్టం, చిన్నప్పటినుంచీ అన్నీ తొందరే. మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో తరగతుల టేపులు వింటే, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగినచోట జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. నెట్‌లో మైకు ఆన్ చేసుకోవడానికే అంత పడుతుంది, కనుక మనసులో పది లెక్కపెట్టు.

పిల్లలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేలా గ్రూపులు పెడతానన్నావట, ఆ ఆలోచన నాకు నచ్చింది. 2008లో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ అనే ఇద్దరు ఆన్‌లైన్ చదువుల పరిశోధకులు కెనడాలోని మనిటోబా విశ్వవిద్యాలయంతో కలిసి ఒక కోర్సు నడిపారు. ఫీజు కట్టి చేరినవాళ్ళు 25 మంది, నెట్‌లో ఉచితంగా చేరినవాళ్ళు రెండు వేలకు పైనే. ఎవరి బ్లాగులో వాళ్ళు రాసుకునేవారు. వాటిని ఏరి, పోగుచేసి, డౌన్స్ ప్రతిరోజూ అందరికీ ఒక ఉత్తరంగా పంపేవారు. అక్కడ టీచరు పని ఆ పోగుచేయడంలో ఉంది. నీ గ్రూపుల్లోనూ అంతే, ఒక పిల్ల చేసిన మంచి లెక్కని పేరు పెట్టి అందరికీ చూపించు. కాకపోతే వాళ్ళు పెద్దవాళ్ళు, దారి తప్పితే అడుగుతారు. ఎనిమిదో తరగతి పిల్లలు అడగరు. గ్రూపులో ఒకరిద్దరు గలగలా మాట్లాడుతుంటే మిగతావాళ్ళంతా నేర్చుకుంటున్నట్టే కనిపిస్తుంది. నాకు భయం అక్కడే.

ఏఐని అడిగి జవాబు తెచ్చే పిల్లల మీద కోప్పడకు. "ఈ మూడో అడుగు ఎందుకు వేసింది? నీ గొంతుతో రికార్డు చేసి పంపు" అను. ఆ ఒక నిమిషం రికార్డింగులో అంతా తెలిసిపోతుంది.

రాత్రి ఒంటిగంటకి మెసేజీలకి జవాబులు రాస్తూ కూర్చుంటే మాత్రం ఊరుకోను. నీకు ఎవరినీ కాదనడం రాదని నాకు తెలుసు. తొమ్మిది దాటితే ఫోన్ పక్కన పెట్టు. అలసిపోయిన రాత్రే నేను లింకు పంపింది చిట్టీ, కోపంతో కాదు.

మొదటి వారం అయ్యాక నాకు ఫోన్ చెయ్యి. మాట్లాడిన పిల్లల సంగతి తర్వాత విందాం. ముందు ఆ వారమంతా ఒక్క మాటైనా మాట్లాడనివాళ్ళ పేర్లు రాసిపెట్టుకుని చదివి వినిపించు. ఒక్కొక్కరికీ ఏం చెయ్యాలో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ