వెబ్ ఆప్షన్ల వరుస: చదువుల శీర్షికకు వచ్చిన ఒక ఉత్తరం

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారములు. మాది కోనసీమలో ఉప్పలగుప్తం మండలంలోని ఒక పల్లె. ఇంటర్ ఎం.పి.సి. రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంజనీరింగ్ ప్రవేశాల కోసం జాతీయ స్థాయి జేఈఈ మెయిన్, మన రాష్ట్ర ఈఏపీసెట్ రెండూ రాయబోతున్నాను. రొయ్యల చెరువుల మీద ఏరేటర్ మోటారు కాలిపోయినప్పుడల్లా నాన్నగారు దాన్ని గట్టు మీద విప్పుతుంటే పక్కన కూర్చుని చూడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అందువల్ల కాకినాడ జేఎన్‌టీయూలో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) చదవాలని ఉంది. నాన్నగారు ఇంటికి దగ్గరి కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) మేలంటున్నారు. సీటు కోసం వెబ్‌సైట్‌లో వరుసగా ఎంచుకునే కాలేజీ, బ్రాంచి జాబితా (వెబ్ ఆప్షన్లు) విషయంలో బాబాయి గారేమో, "వచ్చేదాన్నే ముందు రాయాలి, రానిదాన్ని పైన రాస్తే వచ్చేది కూడా పోతుంది, నాలుగైదు ఆప్షన్లు చాలు" అంటున్నారు. ఏది నిజం? రెండు పరీక్షలకూ ఒకే తీరుగా సిద్ధమైతే సరిపోతుందా?
— ఒక విద్యార్థిని, డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా

జవాబు: అమ్మా, మీ బాబాయి గారి మాటతోనే మొదలుపెడతాను. ఆయన నీ మేలు కోరే చెప్పారు గానీ, ఆ మాట నమ్మి నష్టపోయిన పిల్లలను నేను చూశాను. సీట్ల కేటాయింపులో కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరినే తీసుకుంటుంది. నీ వంతు వచ్చినప్పుడు నీ జాబితాను పై నుంచి కిందికి చదువుతూ, నీ కేటగిరీకి సీటు మిగిలి ఉన్న మొదటి ఆప్షన్ దగ్గర ఆగి, ఆ సీటు నీకు ఇస్తుంది. మొదటిది దొరకకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది చూస్తుంది. ఈ లోపల నీకంటే వెనుక ర్యాంకు వచ్చినవారు, ఆ కాలేజీని తమ జాబితాలో మొదటగా రాసుకున్నంత మాత్రాన, నీకు రావలసిన సీటును నీకంటే ముందు తీసుకోలేరు. కాబట్టి కాకినాడ ఈఈఈని పైన రాసినందువల్ల కిందనున్న సీఎస్ఈ నీకు దూరం కాదు. అదే సీఎస్ఈని పైన రాస్తే, అది దొరికిన క్షణంలోనే కంప్యూటర్ ఆగిపోతుంది, కాకినాడ దాకా చదవనే చదవదు.

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడికి సరిగ్గా ఇదే జరిగింది. ఇంట్లో పెద్దల మాట మీద "ఖాయంగా వచ్చే" కాలేజీని మొదట రాశాడు, వచ్చింది. వారం తిరిగాక చూస్తే, అతను ఎంతో కోరుకుని మూడో వరుసలో పెట్టిన బ్రాంచిలో అతని కంటే వెనుక ర్యాంకు వాళ్ళు చేరి ఉన్నారు. రెండో విడతలో ఆ బ్రాంచిలో ఒక్క సీటూ మిగలలేదు. ఆ పిల్లవాడు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, చేతిలోని అలాట్‌మెంట్ ఆర్డరును మడుస్తూ విప్పుతూ ఉండిపోయిన దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది.

జాబితా తయారు చేసే పద్ధతి ఒకటి చెబుతాను. పాత నోటు పుస్తకం కాగితాలను చీటీలుగా కత్తిరించి, ఒక్కో చీటీ మీద ఒక కాలేజీని, ఒక బ్రాంచిని కలిపి రాయి. రెండేసి చీటీలు పక్కపక్కన పెట్టి, "ఈ రెండూ వస్తే దేనిలో చేరతాను?" అని నిన్ను నువ్వు అడుగు. గెలిచినది పైకి, ఓడినది కిందికి వెళ్ళాలి. ఈ పని చేసేటప్పుడు నాన్నగారిని తప్పకుండా పక్కన కూర్చోబెట్టుకో. ఎదుర్లంక దగ్గర వారధి దాటి యానాం మీదుగా కాకినాడకు రోజూ బస్సులో వెళ్ళి రావడం నాలుగేళ్ళు సాగే పని కాదు కాబట్టి హాస్టలు ఖర్చు ఎంత, ఇల్లు ఎంత భరించగలదు అన్న లెక్క అక్కడే తేలాలి. దూరం గురించి ఆయన భయం న్యాయమైనదే. అయితే బ్రాంచి విషయంలో నా మాట నీ వైపే ఉంటుంది. మోటారు విప్పుతుంటే కళ్ళప్పగించి చూసిన పిల్లకు ఈఈఈలో రెండో ఏడాది వచ్చే మెషీన్ల పాఠం బరువు కాదు. సీఎస్ఈ కావాలని ఆ తరువాత అనిపించినా, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఈఈఈ అడ్డు రాదు.

ఒక్కో కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో చెప్పే లాస్ట్ ర్యాంకుల పట్టిక చూసేటప్పుడు నీ కేటగిరీలో బాలికల వరుసనూ, మీ జిల్లా ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతపు వరుసనూ మాత్రమే చూడు. ఆ పట్టికను చీటీల వరుస మార్చడానికి వాడవద్దు. జాబితా అడుగున నీకు తప్పక అందే కాలేజీలు సరిపడా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి మాత్రమే అది పనికి వస్తుంది. ఎన్ని ఆప్షన్లయినా రాయవచ్చు కనుక నాలుగైదింటితో ఆపవద్దు. అలాగని సీటు వచ్చినా చేరనని తెలిసిన కాలేజీని మాత్రం అసలు రాయవద్దు.

ఇక పరీక్షలు. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు ఉంటాయి: గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన ఏడున్నర సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు కనుక ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. చివరి ఐదు నిమిషాలు ఇందుకోసమే అట్టిపెట్టుకో. ర్యాంకులో 75 శాతం ఈ పరీక్షదైతే 25 శాతం ఇంటర్ గ్రూపు సబ్జెక్టులది. ఇంటర్ బోర్డు పరీక్షలను చిన్నచూపు చూసి కోచింగ్ పుస్తకాల మీదే కూర్చున్న పిల్లలు ఆ పావు వంతు దగ్గర వెనకబడతారు. జేఈఈ మెయిన్ వేరే తీరు. అదే మూడు గంటలకు 75 ప్రశ్నలే, కానీ లోతైనవి. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. సంఖ్య నింపే ప్రశ్నలకూ కోత ఉంది కాబట్టి అక్కడ ఊహించి రాయవద్దు. నాలుగు ఆప్షన్లు ఇచ్చిన చోట రెండింటిని కొట్టివేయగలిగితే ధైర్యంగా గుర్తించు. పాఠం రెండింటికీ ఒకటే అయినా మాక్ టెస్టులు మాత్రం విడివిడిగా, గడియారం పెట్టుకుని రాయాలి. జనవరి విడతలో మెయిన్ సరిగా రాయలేకపోయినా దిగులుపడకు, ఏప్రిల్‌లో మళ్ళీ రాస్తే రెండింటిలో మెరుగైన స్కోరునే తీసుకుంటారు. మెయిన్ ర్యాంకుతో సీటు ఇచ్చే తాడేపల్లిగూడెం నిట్‌లో సగం సీట్లు మన రాష్ట్రం వారికే కనుక ఆ ప్రయత్నం వదలకు.

ఒక జాగ్రత్త మరవకు. ఈఏపీసెట్ రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటి సీటు దానంతట అదే రద్దవుతుంది. అప్పుడు చేతిలో ఉన్నదానికంటే మెరుగనిపించినవే రాయాలి. ఆప్షన్లు నెట్ సెంటర్ వారి చేతికి వదిలేయకుండా, పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉంచుకుని, నువ్వే కూర్చుని ఎక్కించు. సీఎస్ఈ, సీఎస్ఎమ్, సీఎస్డీ అనే వేర్వేరు బ్రాంచిల కోడ్లు ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. జేఎన్‌టీయూ కాకినాడకు నరసరావుపేటలోనూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది కనుక కోడ్‌తో పాటు ఊరి పేరూ చదువుకో. జాబితాను ఫ్రీజ్ (ఖాయం) చేసే ముందు ప్రింటు తీసి, ఒక్కొక్క వరుసను నువ్వు పైకి చదువుతుంటే నాన్నగారిని చీటీలతో సరిపోల్చమని చెప్పు.